దుబాయిని బయటి నుంచి తుడిచిన మనిషి

మా బాపు మొండయ్య పద్దెనిమిదేళ్ళు దుబాయిలో ఉన్నాడు. అక్కడ ఏమేం చూశావని ఎవరైనా అడిగితే నిజాయితీగా మూడే చెబుతాడు: క్యాంపు, కంపెనీ బస్సు, అద్దాలు. అద్దాలంటే ముఖం చూసుకునేవి కావు, తుడిచేవి. అక్కడి పెద్ద పెద్ద హోటళ్ళ గోడల మీద రెండు ఇనుప తాళ్ళతో ఒక తొట్టి వేలాడుతుంటుంది. దాన్ని క్రేడిల్ అంటారు. ఒక కొసన మా బాపు, ఇంకో కొసన జమ్మికుంట గోపాల్. కిందికి దిగాలన్నా పైకి పోవాలన్నా ఇద్దరూ ఒకే క్షణంలో మీట నొక్కాలి. ఒకరు ముందు నొక్కితే తొట్టి ఒరుగుతుంది. పదకొండేళ్ళు వాళ్ళ తొట్టి ఒరగలేదు. ఇద్దరు మనుషుల మధ్య అంత పొత్తు నేను మా వీధిలో ఏ ఆలుమగల మధ్యా చూడలేదు. మా ఇంట్లో సంగతి అడగకండి.

కాబట్టి దుబాయి నగరాన్ని అంత ఎత్తు మీద నుంచి, అంత దగ్గరగా, అంత శుభ్రంగా చూసిన మనిషి మా ఊరు చొప్పదండిలో ఇంకొకరు లేరు. కాకపోతే చూసిందంతా బయటి నుంచి. లోపల పరుపుల మీద పడుకున్న వాళ్ళు, ఫలహారాలు తినే వాళ్ళు, తొట్టి కనబడగానే కర్టెన్ లాగేసే వాళ్ళు. ఒకసారి ఒక తెల్ల పిల్ల అద్దానికి అరచేయి ఆనించి నవ్విందట. బాపు బయటి నుంచి అదే చోట తన అరచేయి ఆనించాడట. తర్వాత ఆ మరక తుడిచాడట. ఇది ఆయన దుబాయి కథలన్నిటిలోకీ పెద్దది.

ఆరేళ్ళ కింద మోకాళ్ళు పట్టేస్తే తిరిగొచ్చాడు. గోపాల్ అక్కడే ఉన్నాడు. ఆయనకిప్పుడు యాభై రెండు. ఇంటికి వచ్చిపోయి ఏడేళ్ళు దాటింది. సెలవు అడిగినప్పుడల్లా వాళ్ళ కంపెనీ మేనేజరు చాలా మర్యాదగా వచ్చే ఏడు అంటాడు. బాపు పోయాక తొట్టి రెండో కొసకు ఇప్పటికి ముగ్గురు మారారని, ఒక్కరికీ మీట నొక్కడం రాదని గోపాల్ ఫోనులో ఫిర్యాదు చేస్తుంటాడు. బాపు ఆ ఫిర్యాదులు వినే రోజు అన్నం ఇంకో పిడికెడు ఎక్కువ తింటాడు.

ఇక నా సంగతి. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ప్రతి పదార్థానికీ ఒక ప్రమాదకరమైన మోతాదు ఉంటుందని పిల్లలకు చెప్పీ చెప్పీ, నాకు ఇప్పుడు ప్రతి పదార్థమూ ఆ మోతాదులోనే కనబడుతుంది. మా నాలుగేళ్ళ పాప శ్రీనిక పుట్టినప్పటి నుంచి మరీను. మా ఇంట్లో మూడు థర్మామీటర్లున్నాయి. మూడూ ఒకే అంకె చూపిస్తే తప్ప నాకు నమ్మకం కలగదు. మా ఆయన సాగర్ కరెంటు ఆఫీసులో ఇంజనీరు. ఆయనకు నా మీద జాలి ఉంది కానీ దాన్ని బయటపెట్టే ధైర్యం లేదు.

అటువంటి నేను దుబాయి విహారయాత్ర తలపెట్టడానికి కారణం ఫోన్లు. మా స్టాఫ్‌రూములో ఫిజిక్స్ మేడం ఇసుకలో ఒంటె మీద, మ్యాథ్స్ సార్ పడవలో, చివరికి అటెండెన్సు తీసుకునే క్లర్కు కూడా ఫౌంటెన్ ముందు. అందరూ ఒకే చోట, ఒకే భంగిమలో, ఒకే నల్ల కళ్ళద్దాలతో. దుబాయి అన్నంతో పెరిగిన దాన్ని నేను. నా దగ్గరే ఫోటో లేదు.

కరీంనగర్ బస్టాండు దగ్గర నరేశ్ ఆఫీసుంది. హాలిడే ప్యాకేజీలు అమ్ముతాడు. వాళ్ళ నాన్న అదే షట్టర్‌లో గల్ఫ్ కొలువులకు మనుషుల్ని పంపేవాడు, మా బాపును పంపింది ఆయనే. గోడ మీద అప్పుడు క్రేన్ బొమ్మ ఉండేదట, ఇప్పుడు ఒంటె బొమ్మ ఉంది. బెంచీ అదే. ఆ బెంచీ మీద కూర్చోబెట్టి వాళ్ళ నాన్న మా బాపును అడిగింది, ఎత్తు మీద కండ్లు తిరుగుతయా అని. అదే బెంచీ మీద కూర్చోబెట్టి నరేశ్ నన్ను అడిగింది, ఎత్తు మీద హై టీ ఇష్టమేనా అని. వ్యాపారం ఎంత ఎదిగిందో చూడండి.

హై టీ అంటే ఏమిటో నరేశ్ వివరించాడు. ఒక హోటల్ అరవయ్యో అంతస్తులో గాజుగోడ పక్కన కూర్చోబెట్టి చాయ్, వేలెడంత బ్రెడ్డు ముక్కలు ఇస్తారట. నగరమంతా కాళ్ళ కింద కనబడుతుందట. హోటల్ పేరు చెప్పగానే ఇంకోసారి చెప్పమన్నాను. చిన్నప్పటి నుంచి నేను విన్న పేరు. ఏడాదికి నాలుగుసార్లు బాపు, గోపాల్ తుడిచిన హోటల్ అది.

అప్పుడే నా మనసులో ఒక మహత్తరమైన ఆలోచన పుట్టింది. బాపును తీసుకుపోవాలి. తాను బయటి నుంచి తుడిచిన అద్దాన్ని లోపలి నుంచి చూపించాలి. ఆయన కళ్ళు చెమర్చాలి. నేను ఫోటో తీయాలి. స్టాఫ్‌రూములో ఒంటెలన్నీ తలలు దించుకోవాలి.

ఆ ఆదివారమే చొప్పదండి పోయాం. మా అవ్వ ఐలవ్వ విషయం వినగానే తాను రానని తేల్చేసింది. పద్దెనిమిదేండ్లు మొగణ్ణి గుంజుకున్న ఊరి ముఖం చూడనంది, పైగా బర్రె ఈనడానికి సిద్ధంగా ఉందంది. రెండు కారణాల్లో బర్రెదే గట్టిదని నాకనిపించింది. బాపు మాత్రం వస్తాననలేదు, రాననలేదు. లోపలికిపోయి పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పోయిన ఏడే రెన్యువల్ చేయించాడట. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు.

నేను గర్వంగా కార్యక్రమం చదివి వినిపించాను. శుక్రవారం దిగుడు. శనివారం ఫౌంటెన్. ఆదివారం ఎడారి సఫారీ. సోమవారం సాయంత్రం, ఫలానా హోటల్, అరవయ్యో అంతస్తులో చాయ్. ఆ పేరు దగ్గర కావాలని ఆగి బాపు కళ్ళకేసి చూశాను. కళ్ళు చెమర్చలేదు. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు.

"సోమారం గోపాల్ గాడు గా బిల్డింగు మీదనే ఉంటడు బిడ్డా. గీ నెల దానిదే నంబరు."

మంచిదే కదా, చూడొచ్చు అన్నాను.

"ఏం జూసుడు? నేను లోపట చాయ్ పట్టుకోని కూసుంట. వాడు బయట బ్రష్షు పట్టుకోని ఉంటడు. నడుమ అద్దం. మాట వినరాదు. ఆరేండ్లకు గట్ల కలుసుడు నాకొద్దు. ముందుగాల నేల మీద కలుస్త. తర్వాత నువ్వు ఎన్నో అంతస్తు ఎక్కుమంటె గా అంతస్తు ఎక్కుత."

నేల మీద అంటే సోనాపూర్. కూలీల క్యాంపులుండే చోటు. గేటు ముందు కేరళ వాళ్ళ చాయ్ హోటల్ ఉందట, అందులో రెండు కుర్చీలు దొరికితే చాలట. అప్పటికప్పుడు గోపాల్‌కు ఫోను చేసి సెలవు దినం అడిగాడు. బాపు ఉన్నప్పుడు శుక్రవారం ఉండేది, ఇప్పుడు వాళ్ళ కంపెనీకి ఆదివారమైందట. ఆదివారం మా కార్యక్రమంలో సఫారీ. మనిషి మనిషికీ టికెట్టు కొన్నాం, గుంపుతో పోవాలి, విడిపోకూడదు. పైగా క్యాంపు చోటు ఎలా ఉంటుందో, దుమ్ము, దగ్గు, పిల్లకు ఏమంటుకుంటుందో. ఎడారిలో కార్లు ఎగరేస్తుంటే ఆ దుమ్ము ఆరోగ్యకరమైనదని నేనెలా అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. కుదరదు బాపూ అన్నాను.

బాపు పాస్‌పోర్టు తీసుకుని మళ్ళీ లోపల పెట్టేశాడు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేశాడు. ఆ మనిషి కోపం ఎప్పుడూ అంతే, తుడిచినట్టుంటుంది.

సాగర్ రాయబారం నడిపాడు. వారం రోజులు కరీంనగర్‌కూ చొప్పదండికీ ఫోన్లు. చివరికి ఒక అరకొర ఒప్పందం కుదిరింది. బాపు వస్తాడు, గోపాల్‌ను కలవడం సంగతి అక్కడికి పోయాక చూద్దాం. అక్కడికి పోయాక చూద్దాం అంటే చూడమని అర్థమని నాకూ తెలుసు, బాపుకూ తెలుసు. వీసాలొచ్చాయి. నేను సర్దడం మొదలుపెట్టాను.

నా పెట్టెల్లో ఏమున్నాయో చెబితే నవ్వుతారు గానీ చెబుతాను. మూడు థర్మామీటర్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ముప్ఫై. నీళ్ళు శుద్ధి చేసే చుక్కలు, బుల్లి రైస్ కుక్కర్, మూడు కిలోల మన బియ్యం. పిల్లకు కూర కారం కాకుండా నేనే వేయించి దంచిన పొడి, సీసాడు. ఆ దేశంలో ఏ మందులు నిషేధమో జాబితా దింపుకుని, ఒక్కొక్క రసాయనం పేరు పక్కన టిక్కు పెట్టుకున్నాను. రెండు పేజీల జాబితా. అంత జాగ్రత్త ఆ దేశపు వాళ్ళే పడి ఉండరు.

పోవడానికి నాలుగు రోజులుందనగా బాపు కరీంనగర్ వచ్చాడు. బట్టల సంచి ఒకటి, నైలాను తాడు చుట్టిన అట్టపెట్టె ఒకటి. పెట్టె మీద మార్కరుతో తన పేరు, గోపాల్ ఫోను నంబరు, ఆమడ దూరం నుంచి కనబడేంత పెద్దగా. చక్రాల సూట్‌కేసు కొనిచ్చాను కదా బాపూ అంటే, అట్టపెట్టె అయితే బెల్టు మీద వస్తుంటే దొంగలు కూడా ముట్టరన్నాడు. పెట్టె ఖాళీగా ఉంది. ఎందుకుందో గంటలోనే తెలిసింది. జమ్మికుంట నుంచి శంకరవ్వ దిగింది.

శంకరవ్వ గోపాల్ భార్య. పత్తి మార్కెట్‌లో కూలి చేస్తుంది. ఆ రోజు పని మానుకుని, రెండు సంచులు మోసుకుని వచ్చింది. మామిడికాయ తొక్కు, ఎల్లిపాయ కారం, మురుకులు, ఎండుకొబ్బరి కుడుకలు, పది కట్టల బీడీలు, మూడు బనీన్లు, ఒక లుంగీ. మా వైపు ఎవరైనా గల్ఫ్ పోతున్నాడంటే అంతే. ఆ మనిషి ఏ పని మీద పోతున్నా సరే, వాడి సామానులో సగం వాడిది కాదు. పద్దెనిమిదేళ్ళలో బాపు ఒక్క పార్సలూ వద్దనలేదు. ఎందుకంటే మా అవ్వ చేసిన తొక్కు కూడా ఆయనకు అట్లాగే చేరేది.

పార్సల్ తీసుకుపోయి జైలు పాలైన వాళ్ళ వార్తలన్నీ నేను కత్తిరించి దాచుకున్నాను. ఎవరో ఇచ్చిన పొట్లంలో ఏదో ఉంటుంది, దొరికేది మోసినవాడు. అదంతా శంకరవ్వ ముందే, కాస్త కాలేజీ గొంతుతో, వివరంగా చెప్పాను. మాతో చిన్నపిల్ల ఉంది, ఒక్క పొట్లం కూడా రాదు అన్నాను.

శంకరవ్వ నొచ్చుకోలేదు. అదే ఇంకా కష్టం. "నీ భయం నీది బిడ్డా. పిల్ల తల్లివి," అని మురుకుల సంచి మళ్ళీ ముడివేయబోయింది.

బాపు ఆ ముడి మీద చేయి పెట్టి ఆపాడు. నా వైపు చూడలేదు. హాల్లో కింద పాత పేపర్లు పరిచి, నీళ్ళతో చేతులు కడుక్కుని కూర్చుని, "ఇటు తే చెల్లె," అన్నాడు.

తర్వాత జరిగింది నేను ఏ ప్రయోగశాలలోనూ చూడలేదు. మురుకులన్నీ పేపర్ మీద పోసి ఒక్కొక్కటీ అటూ ఇటూ తిప్పాడు. తొక్కు సీసా మూత తీసి వెదురుపుల్ల అడుగు దాకా దింపి, పుల్లకు ఏమైనా తగులుతుందా అని గుండ్రంగా తిప్పాడు. ఎల్లిపాయ కారం వాసన చూశాడు, నాలుక మీద వేసుకున్నాడు. కుడుకలు పగలగొట్టాడు. బీడీ కట్టల దారాలు విప్పి, ఒక్కో కట్టలో నుంచి రెండు బీడీలు చీల్చాడు. బనీన్ల కుట్లు గోరుతో తడిమాడు. లుంగీ పరిచి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. శంకరవ్వ పక్కన కూర్చుని, పెళ్ళిసారె విప్పుతుంటే చూస్తున్నట్టు, ఒక్కొక్కటీ ఎక్కడ కొన్నదో చెబుతూ ఉంది.

"అనుమానం గాదు చెల్లె. పోలీసోడు అడిగితె నా కండ్లతోటి చూసిన అని చెప్పాలె."

"నాకు ఎరుకనే అన్నా. పోయినసారి మావాడు గా సబ్బును సుత నడుమకు కోసిండు."

ఇచ్చినవాళ్ళ ముందే విప్పాలి, ఇచ్చినవాళ్ళ ముందే కుట్టాలి. ఆ క్యాంపులో ఇదొక కట్టుబాటట. పక్క గదిలోని మనిషి అత్తగారిచ్చిన మసాలా పొట్లంతో దిగి ఏడు నెలలు లోపలున్నాక వచ్చిన కట్టుబాటు. మూటంతా తిరిగి గోనెసంచిలో సర్ది, దబ్బనంతో కుట్టు వేసి, అట్టపెట్టెలో పెట్టి తాడు బిగించాక బాపు లేచి నిలబడ్డాడు.

"ఇగ నీవి తే."

నావా అన్నాను. పార్సళ్ళు పట్టుకున్నోడు అందరివీ చూడాల్సిందేనన్నాడు, ఒక గుంపులో పోతే ఒకరి తప్పు అందరిదట. సాగర్ ముఖంలో పెళ్ళయిన ఆరేళ్ళలో ఎప్పుడూ చూడని వెలుగు. ఆయనే ఉరికి పెట్టెలు తెచ్చాడు.

థర్మామీటర్లు మూడూ బయటికి వచ్చినప్పుడు శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుక్కర్, బియ్యం, చుక్కల మందు, మందుల సంచి, నా రెండు పేజీల జాబితా. బాపు జాబితాను మర్యాదగా పక్కన పెట్టి, పిల్ల పొడి సీసా మూత తీశాడు. ఒక్కసారి వాసన చూశాడు. వేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాడు. ఇంకోసారి వేసుకున్నాడు.

"ఇండ్ల ఏమేమేసినవ్ బిడ్డా?"

కొబ్బరి, కొంచెం మిరియం, గసగసాలు అన్నాను.

శంకరవ్వే ముందు తేరుకుని, అవ్వో, గసాలా అంది మెల్లగా. పత్తి మార్కెట్‌లో కూలి చేసే మనిషికి తెలిసింది. గసగసాలు ఆ దేశంలో అడుగుపెట్టకూడదని గల్ఫ్ మనిషి ఉన్న ప్రతి ఇంట్లో పొయ్యి ముందు కూర్చునే ప్రతి ఆడమనిషికీ తెలుసు. మా అవ్వకు తెలుసు. మార్ఫిన్ నిర్మాణం బోర్డు మీద చూడకుండా గీయగలను నేను, అది ఏ మొక్క పాల నుంచి వస్తుందో కూడా చెబుతాను, మార్కులకు వస్తుందని రెండుసార్లు చెబుతాను. ఆ మొక్క గింజలే మా వంటింటి అలమారలో నాలుగో డబ్బాలో ఉంటాయని మాత్రం జాబితాలో ఎక్కడా లేదు. జాబితాలో లాటిన్ ఉంది, గసగసాలు లేవు.

బాపు లేచి వంటింట్లోకి పోయి, సీసా సింకులో గుమ్మరించి, నల్లా తిప్పి, సీసా మూడుసార్లు కడిగాడు. వచ్చి కూర్చుని, నా మందుల సంచి ముడివేస్తూ శంకరవ్వతో అన్నాడు:

"నీ మూటల ఏం లేదు చెల్లె. లెక్చరర్ సాబు సంచిలనే దొరికింది."

శ్రీనిక కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

తూకం వేశాం. నాలుగు కిలోలు ఎక్కువ వచ్చింది. నేనే వంగి రైస్ కుక్కర్ తీశాను, బియ్యం తీశాను, రెండు థర్మామీటర్లు తీశాను. మూడోది తీయలేదు. మనిషి ఒక్కరోజులో మారడు.

మర్నాడు కాలేజీ నుంచి అటే నరేశ్ దగ్గరికి పోయాను. ఆదివారం సఫారీ నలుగురికీ రద్దు చేయమన్నాను. డబ్బులు తిరిగి రావన్నాడు, వద్దన్నాను. ఎడారి చూడకుండా దుబాయి ఏం చూస్తారు మేడం అన్నాడు. సోనాపూర్ పోతాం, పొద్దున దింపి సాయంత్రం తీసుకొచ్చే కారు కావాలన్నాను. నరేశ్ రాస్తున్న పెన్ను పక్కన పెట్టాడు. ఆ బెంచీ మీద కూర్చుని సోనాపూర్ పోతామన్న వాళ్ళు వాళ్ళ నాన్న కాలంలో వందల మంది ఉంటారు, తిరుగు టికెట్టుతో అడిగింది నేనొక్కదాన్నే అయుంటాను. అక్కడ చూడ్డానికి ఏముంటుందని అడిగాడు. కేరళ వాళ్ళ చాయ్ హోటల్ అన్నాను. కొత్త కార్యక్రమం అచ్చు తీసి ఇచ్చాడు. ఆదివారం ఎదురుగా రంగు అక్షరాల్లో ఇలా ఉంది: స్వేచ్ఛా సమయం, షాపింగ్, విలాస విహారం.

ఆ కాగితం బాపుకు చదివి వినిపించాను. విలాస విహారం అన్న చోట రెండోసారి చదవమన్నాడు. వెంటనే గోపాల్‌కు ఫోను కలిపి, స్పీకరు పెట్టి, ఆదివారం ఖాయం అని చెప్పాడు. గోపాల్ అవతల నుంచి అడిగాడు.

"మరి సోమారం పైన చాయ్ తాగుతవా, తాగవా?"

"తాగుత. టికెట్టు కొన్నదట పిల్ల."

"అయితె మంచిగ కూసో. నేను బయటికెళ్ళి తుడుస్తుంట. ఏడన్న మరక ఉంటె లోపటి నుంచి వేలు పెట్టి చూపియ్యి. నువ్వున్నప్పుడు నువ్వు తుడిచిన కొసకే మరకలుంటుండె."

"నాదా మరక? నువ్వు మీట ముందుగాల నొక్కి నా నీళ్ళు ఒలకపోస్తివి కదరా."

ఆరేళ్ళ తర్వాత అరగంట సేపు కొట్లాట. పదకొండేళ్ళు తొట్టి ఒరగలేదన్న మాటను నేను ఇకపై ఎక్కడా సాక్ష్యంగా వాడను. మధ్యలో ఒక లెక్క కూడా తేలింది. సోమవారం నాలుగున్నరకు తొట్టి అరవయ్యో అంతస్తుకు దిగేటట్టు గోపాల్ చూసుకుంటాడు. కాకపోతే మేము సముద్రం వైపు కూర్చోవాలి.

నరేశ్‌కు ఫోను చేశాను. హై టీలో సముద్రం వైపు గాజుగోడ పక్క బల్లే కావాలి, సరిగ్గా నాలుగున్నరకు అన్నాను. రాసుకున్నాడు. మంచి నిర్ణయం మేడం, అక్కడ కూర్చుంటే మధ్యలో అద్దముందని కూడా తెలియదు, రోజూ ఎవరు తుడుస్తారో ఏమో గానీ అంత శుభ్రంగా ఉంటుంది అన్నాడు.

"గోపాల్," అన్నాను.

ఎవరు మేడం అన్నాడు. బల్ల పక్కా అయిందా లేదా అది చెప్పు అన్నాను.